కోడలి సామానుతో వ్యాను పిన్ని

ఆవిడ అసలు పేరు డ్రైవింగ్ లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వ్యాను పిన్ని. ఇరవై నాలుగేళ్లుగా ఒకే బేకరీకి వ్యాను నడుపుతోంది. పొద్దు పొడవకముందే బయలుదేరి ముప్పై ఆరు దుకాణాలకూ, రెండు ఆసుపత్రులకూ, ఒక హాస్టలుకూ రొట్టెలు దింపి పదింటికల్లా బేకరీకి తిరిగి వచ్చేస్తుంది. భర్త పోయిన ఏడాది ఆ పనిలో చేరింది. ఆడమనిషి వ్యాను నడపడమేమిటని నసిగిన యజమాని, సరే ఒక వారం చూద్దామన్నాడు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

పిన్నికి రెండు గుణాలున్నాయి. నోరు మూసుకుని ఉండలేదు, అబద్ధం చెప్పలేదు. విడివిడిగా అయితే ఫరవాలేదు కానీ, ఆ రెండూ ఒకే మనిషిలో చేరితే పక్కవాళ్లకు ప్రాణసంకటం. దుకాణదారు నిన్నటి రొట్టెను ఇవాళ్టిదని అంటగట్టబోతుంటే, అది నిన్నటిది నాయనా, ఇదిగో ఇది తీసుకో అని కొనేవాడి చేతిలో కొత్తది పెట్టేది. దుకాణదారు పళ్లు నూరుకునేవాడు. అయినా ఈ మనిషిని మార్చండని యజమానితో ఒక్కడూ అనలేదు. ఆరింటికి వస్తానంటే ఆవిడ ఆరింటికే వచ్చేది మరి.

అలాంటి తల్లికి ఒక్కగానొక్క కొడుకు. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, గట్టిగా అరవనైనా అరవడు. కాకపోతే ఎప్పుడు ఫోను చేసినా దారిలో ఉన్నానంటాడు. అప్పటికి మంచం కూడా దిగి ఉండడు. ఆ మాట నమ్ముకుని రైల్వే స్టేషన్లలో, ఆఫీసుల ముందు, సినిమా హాలు మెట్ల మీద కోడలు తొమ్మిదేళ్లు నిలబడి చూసింది. ఒకసారి ఆ పిల్లకు అపెండిక్సు నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతుంటే, అత్త వచ్చి వ్యానులో ట్రేలు పక్కకు నెట్టి, దుప్పటి పరిచి, పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆపరేషన్ అయ్యేలోపు కొడుకు నాలుగుసార్లు దారిలో ఉన్నానన్నాడు. మూడోనాడు వచ్చాడు, చేతిలో పళ్ల సంచీతో, నవ్వుకుంటూ. కోడలు ఆ సంచీ వంక చూసింది. మరుసటి ఏడాది విడాకులయ్యాయి.

కోడలు కట్టుడు పళ్లు చేసే మనిషి. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి మైనంతో పన్ను చెక్కి, పోత పోసి, నునుపు చేసి ఇస్తుంది. ఆ పనిలో ఆమె చెయ్యి మంచిదని పేరు. దేశానికి ఆ చివరనున్న ఊళ్లో ఒక పెద్ద ల్యాబులో ఉద్యోగం వచ్చింది. వ్యానులో మూడు రోజుల దారి. సోమవారం పొద్దున్న చేరిపోవాలి. సామాను నేను తీసుకెళతానన్న సొంత అన్న, తీరా బయలుదేరే ముందు నడుం పట్టేసిందని చెయ్యిచ్చాడు. సామాన్లు చేరవేసే కంపెనీవాళ్లు మూడు వారాలాగమన్నారు.

ఈ సంగతి కోడలుండే వీధి దుకాణంలో రొట్టెలు దింపుతుండగా పిన్ని చెవిన పడింది. అదే రోజు యజమాని దగ్గరకు వెళ్లి ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవడిగింది. సెలవుతోపాటు పాత వ్యానూ, సామాను సర్దుకోవడానికి అరవై ప్లాస్టిక్ ట్రేలూ అడిగింది. యజమాని కాదనలేక, ట్రేలు అరవైకి అరవై తిరిగి రావాలి సుమా అని మాత్రం అన్నాడు.

పిన్ని వెళ్లి చెప్పిందంతా కోడలు తన గుమ్మంలో నిలబడి వింది. మీరు వస్తే సంతోషమే అత్తయ్యా, కానీ దారిలో ఆయన మాట ఎత్తకూడదు, ఒప్పుకుంటేనే రండి అంది. పిన్ని ఒప్పుకుంది. బయలుదేరే ముందురోజు సాయంత్రం కొడుకు వచ్చి, దారిలో ఒక్క మాట చెప్పి చూడమ్మా, నువ్వంటే తనకు గౌరవం అని బతిమాలాడు. చెప్పేదేదో నువ్వే చెప్పుకో, పొద్దున్న ఏడింటికి బయలుదేరుతున్నామంది తల్లి. తప్పకుండా వస్తానన్నాడు. పిన్ని ఏడూ పది దాకా అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చుని, తాళం తిప్పింది.

ఆవిడ ఎందుకు వెళుతోందని వీధిలో తలోమాట అనుకున్నారు. కోడలిని బుజ్జగించి వెనక్కి తెస్తుందన్నారు కొందరు. ఊళ్లో తలెత్తుకోలేక వెళ్లిందన్నారు ఇంకొందరు. అసలు సంగతి అంత పెద్దది కాదు. పిన్నికి ఆ పిల్లంటే ప్రాణం. ఇంట్లో తన వాగుడుకు ఎదురు వాగే మనిషి తొమ్మిదేళ్లు ఉంది, ఇప్పుడు పోతోంది. ఒక మనవడో మనవరాలో ఉంటే ఆ వంకతోనైనా రాకపోకలుండేవి. అదీ లేదు. కాగితం మీద సంతకాలయ్యాక అత్తా కోడళ్లు ఒకరికొకరు ఏమీ కారు. ఈ ప్రయాణం అయ్యాక ఈ పిల్ల తనకు మిగులుతుందా మిగలదా, ఆవిడ బెంగ అదొక్కటే.

మొదటి రోజు నరకం. మాట ఎత్తకూడదన్న మనిషి ఊసు రాకుండా మాట్లాడటం ఎంత కష్టమో బయలుదేరిన గంటకే తెలిసింది. వెనకున్న కుర్చీ గురించి మొదలుపెడితే, దాని కాలు విరిచింది వాడు. వాతావరణం గురించి మొదలుపెడితే, గొడుగులు పారేసుకునేది వాడు. రోడ్డు పక్కన మేకల్ని చూసి, అబ్బ ఎంత నెమ్మదిగా నడుస్తున్నాయో అని నోరు జారి, నాలిక కరుచుకుంది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కుంది. అది నవ్వో కోపమో పిన్నికి అంతుపట్టలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ పూట గంటన్నర పలకకుండా బండి నడిపింది. పదేళ్లు పెద్దదానిలా కనిపించింది.

రెండో రోజు పొద్దున్న చెక్‌పోస్టు దగ్గర మాత్రం ఇద్దరికీ కాస్త ఊపిరాడింది. బండి మీద బేకరీ బొమ్మ చూసి, లోపల రొట్టెలు తప్ప ఏదైనా ఉండవచ్చని అనుమానపడ్డ గుమాస్తా తలుపు తెరిపించాడు. చేతికందిన ట్రే మీద గుడ్డ లాగాడు. ముప్పై జతల దవడలు వరుసగా పళ్లికిలించాయి. కోడలు దాచుకున్న సుద్ద అచ్చులవి. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఇవెవరివి అన్నాడు. పిన్ని ఊరుకోవచ్చు కదా. అన్నీ మా ఊరివాళ్లవేనండీ, మూడోది నాది, ముందు పన్ను కాస్త వంకర చూడండి అంది. ఆయన ఒకసారి ఆవిడ నోటి వంకా ఒకసారి ట్రే వంకా చూసి, సంతకం పెట్టి పంపేశాడు. బండి వంద గజాలు పోయిందో లేదో కోడలికి నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని పిన్ని గుండె కుదుటపడింది. ఫరవాలేదు, ఈ పిల్ల ఎక్కడికీ పోలేదు అనుకుంది.

మధ్యాహ్నం ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఇంజను వేడెక్కిపోయింది. పిన్ని ఒక మలుపులో బండి ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తింది. చల్లారేదాకా నీళ్లు పొయ్యకూడదు, గంటసేపు కూర్చోవాల్సిందే. ఇద్దరూ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నారు. కింద లోయలో ఎవరో ఎరువు చల్లుతున్నారు. లారీలు మూలుగుతూ పైకి పోతున్నాయి. ఇక్కడైతే మాట్లాడుకోవడానికి కావలసినంత తీరిక ఉంది. కానీ పొద్దున్న నవ్వుకు పొంగిపోయి ఏదో ఒకటి అని చెడగొట్టుకుంటానేమోనని పిన్ని భయపడి, బానెట్ వంకే చూస్తూ కూర్చుంది.

చివరికి ఆ మాట ఎత్తింది కోడలే.

"మీకు ముందే తెలుసు కదా అత్తయ్యా. ఆయన సంగతి. పెళ్లికి ముందే తెలుసు కదా."

మగపిల్లలందరూ అంతేనమ్మా అనవచ్చు. చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదు అనవచ్చు. ఆ మాటలు పిన్ని నోటి దాకా వచ్చాయి కూడా. తొమ్మిదేళ్లలో అవి ఎన్నోసార్లు అన్నదే.

"తెలుసు" అంది. "వాడికి పదహారేళ్లప్పుడే తెలుసు. తిట్టాను, కొట్టాను, అన్నం పెట్టనన్నాను. నా వల్ల కాలేదు. నీ వల్ల అవుతుందనుకున్నాను. నీకు చెప్పకుండా నీ నెత్తిన పెట్టాను. తప్పు వాడిది ఎంతో నాదీ అంతే."

నిన్నటి రొట్టె సంగతి ఊరందరి ముందూ చెప్పిన మనిషి, ఇంట్లో సంగతి ఈ ఒక్క పిల్లకు చెప్పలేదు. అబద్ధం చెప్పనన్న గర్వం ఇన్నాళ్లు మోసిన ఆవిడకు, ఆ పిట్టగోడ మీద తన మాట తన చెవిన పడేసరికి సిగ్గేసింది. కోడలు లోయ వైపు తిరిగింది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండుననిపించింది పిన్నికి.

"ఈ మాట మీరు తొమ్మిదేళ్లలో ఒక్కసారి అని ఉంటే నేను ఇంత పిచ్చిదాన్ని కాకపోదును. అందరికీ బాగానే ఉంది, నాకే ఓపిక లేదనుకునేదాన్ని" అని లేచి వెళ్లి బండిలో కూర్చుంది.

అక్కడి నుంచి ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే. పెట్రోలు పోయిద్దామా, కిటికీ దించనా, ఇక్కడ కుడికా ఎడమకా. అత్తయ్యా అని పిలవడం మాత్రం కోడలు మానలేదు. పిలిచిన ప్రతిసారీ, ఇంకెన్నిసార్లు వింటానో అని పిన్ని లోపల లెక్క పెట్టుకుంది. నిజం చెప్పి పోగొట్టుకున్నాననుకుంది. చెప్పకపోయినా పోయేదే, కనీసం చెప్పి పోగొట్టుకున్నాను అని ఇంకో కిలోమీటరు పోయాక సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఎంతోసేపు నిలవలేదు.

శనివారం సాయంత్రానికి ఊరు చేరారు. అద్దెకు తీసుకున్నది ఒక మేడ కింది వాటా. రెండు గదులు, ఒక వంటిల్లు, గుమ్మం ముందు మూడు మెట్లు. గోడలకు కొత్త సున్నం వాసన. ఆదివారం పొద్దున్నే దింపడం మొదలుపెట్టారు. బేకరీ పద్ధతి ప్రకారం ఆఖరున దింపాల్సినవి ముందు ఎక్కించింది కాబట్టి, పని చకచకా సాగింది. ముందు చీపురు, బకెట్టు, పొయ్యి. తరువాత మంచం, పరుపు. ఆ తరువాత ట్రేలు. కోడలు ఒక్కొక్క ట్రే ఖాళీ చేసి పక్కన పెడుతుంటే, పిన్ని వాటిని వ్యానులోకి చేరవేసింది. సామాన్లు చుట్టి తెచ్చిన తువ్వాళ్లూ గుడ్డపీలికలూ చాలా ట్రేల్లో అలాగే ఉన్నాయి. పదకొండింటికి కోడలు నీళ్ల మోటారు ఎలా వెయ్యాలో చూడటానికి ఇంటావిడతో పెరట్లోకి వెళ్లింది. పిన్ని ఆఖరి ట్రేలు ఎక్కించి, పదేసి చొప్పున ఆరు వరుసలు లెక్కపెట్టుకుంది. అరవైకి అరవై. ఆ లెక్క కుదిరినందుకు ఆ బాధలోనూ కాస్త తృప్తి కలిగింది.

వెళ్లొస్తానని చెప్పినప్పుడు కోడలు మెట్ల దాకా వచ్చింది. జాగ్రత్తగా వెళ్లండి అత్తయ్యా, చేరాక ఫోను చెయ్యండి అంది. ఎవరైనా ఎవరితోనైనా అనే మాట అది. పిన్ని తలూపి, కొడుకు చెప్పమన్న మాట కడుపులోనే ఉంచుకుని, ఒప్పందం నిలబెట్టుకుని, బండి ఎక్కింది. మలుపు తిరిగేదాకా అద్దంలోకి చూడలేదు. చూస్తే ఆపేస్తానని ఆవిడకు తెలుసు.

గంటన్నర పోయాక చెవికి ఏదో తగిలింది. ఖాళీ ట్రేలు వెళ్లే చప్పుడు ఇరవై నాలుగేళ్లుగా వింటున్న చెవి అది. గతుకు వచ్చినప్పుడల్లా అవి డబడబమంటాయి, అంతే. ఈ డబడబల మధ్య సన్నగా, ఇనుము మీద ఇనుము తగులుతున్న చప్పుడు. మొదట బండి లోపమనుకుని వేగం తగ్గించింది. చప్పుడు తగ్గలేదు. పక్కకు ఆపి, వెనక తలుపు తీసి, వరుసలన్నీ వెతికింది. నాలుగో వరుస పైన, తువ్వాలు కింద, కోడలి పనిముట్లు. మైనం చెక్కే సన్నటి కత్తులు, మందం కొలిచే పరికరం, చిన్న చిన్న ఆకురాళ్లు. పొద్దున్నే పనిలోకి వెళ్లేటప్పుడు చేతికందేలా ఉంటాయని కోడలు ఆ ట్రేను గుమ్మం పక్కన పెట్టుకుంది. దుకాణాల్లో గుమ్మం పక్కన పెట్టిన ట్రే అంటే ఖాళీ ట్రే. పిన్ని చేతులు కళ్లతో పని లేకుండా దాన్ని ఎత్తేశాయి.

రేపు పొద్దున్న ఆ పిల్ల కొత్త ల్యాబులో ఉత్త చేతులతో నిలబడాలి. ఇదొకటీ అత్తింటివాళ్ల చలవే అనుకుంటుంది. ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్లీ సంచీలో వేసింది. ఏమని చెప్పాలి. వెళుతూ వెళుతూ మళ్లీ రావడానికి వంక పెట్టుకుందనుకుంటే? అంతకన్నా సిగ్గుచేటు లేదు. ఎదురుగా ఒక పెట్రోలు బంకు, దాని పక్కన పార్సిలు ఆఫీసు కనపడుతూనే ఉన్నాయి. బోర్డు మీద అక్షరాలు కూడా చదవగలిగేంత దగ్గర. పిన్ని ఆ బోర్డు పూర్తిగా చదివి, బండి తిప్పింది.

ఆ గంటన్నరా ఏం చెప్పాలో వరస కట్టుకుంది. ఇంజను ఆపకుండా ట్రే అందించి, పొరపాటైందమ్మా అని చెప్పి, మెట్టెక్కకుండా తిరిగి రావాలని నిశ్చయించుకుంది.

కోడలు మెట్ల మీదే కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, పొద్దున్న కట్టుకున్న బట్టలే ఒంటి మీద ఉన్నాయి. పక్కన ఫోను. లోపల పరుపు చుట్ట కూడా విప్పినట్టు లేదు. వ్యాను చూసి లేవలేదు. పిన్ని ఇంజను ఆపకూడదనుకున్న సంగతి మరిచిపోయి ఆపేసి, ట్రే పట్టుకుని గబగబా వచ్చింది.

"ఇవి లేవని నీకెప్పుడు తెలిసింది?"

"మీరు వెళ్లిన పది నిమిషాలకే."

"మరి ఫోను చెయ్యకపోయావా తల్లీ? పది నిమిషాలంటే ఊరి పొలిమేర కూడా దాటలేదు. ఇంత దూరం తిరిగొచ్చేపని తప్పేది కదా."

కోడలు ఫోను వంక చూసింది.

"చేస్తే పొరపాటున తెచ్చేశానంటారేమోనని చెయ్యలేదు" అంది.

పిన్నికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, దారంతా వరస కట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. కావాలనే తీసుకెళ్లానని ఒక్క ముక్క అంటే చాలు, ఆ పిల్ల వినాలనుకున్నది అదే. ఆ ముక్క ఎంత పెగుల్చుకున్నా నోటికి రాలేదు.

"పొరపాటునే తెచ్చానమ్మా" అంది. "ఖాళీదనుకున్నాను."

కోడలు తల దించుకుని, సరే అన్నట్టు ఊపింది.

"కానీ చూసుకునేసరికి ఎదురుగా పార్సిలు ఆఫీసుంది" అంది పిన్ని. "ఆదివారం కూడా తెరిచే ఉంటామని బోర్డు మీద రాసుంది. ఉదయానికి ఇంటికి చేరుస్తామని కూడా రాసుంది. రెండుసార్లు చదివాను. చదవనట్టు తిరిగొచ్చేశాను."

కోడలు ఒక్కసారి వెక్కింది. ఘాట్ రోడ్డు మీద రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. మీ మీద నాకింకా కోపం పోలేదు అత్తయ్యా, చాలా రోజులు పోదు అంది, ఏడుస్తూనే. పోనక్కర్లేదు, ఉండనీ అంది పిన్ని. ఆవిడ కళ్లూ కారుతున్నాయి. ట్రే కింద పెట్టడం తోచక, రెండు చేతులతో దాన్నే పట్టుకుని ఏడ్చింది.

కోడలు ముక్కు తుడుచుకుని, మెట్టు మీద కాస్త పక్కకు జరిగింది. పరుపు ఒక్కటే ఉంది, నేలమీద వేసుకుని ఇద్దరం సర్దుకోవాలి అంది. పిన్ని వెళ్లి ఆ మెట్టు మీద కూర్చుంది. బేకరీకి మంగళవారం కాకుండా బుధవారం వస్తానని యజమానికి అక్కడి నుంచే ఫోను చేసింది.